గ్యాసు పట్టించే విద్య

ఇంట్లో కాచిన బీరును కెగ్గులో, అంటే ఒత్తిడిని తట్టుకునే పీపాలో, నింపి గ్యాసు పట్టించడాన్ని చాలామంది తయారీలో చివరి మెట్టుగానే చూస్తారు. పులియబెట్టడం అసలు పని, మిగిలింది కొసరు అని వారి లెక్క. బహ్రెయిన్‌లో ఆ లెక్క తిరగబడుతుంది. అక్కడ లైసెన్సు ఉన్న హోటళ్లు, దుకాణాలు ముస్లిమేతరులకు మద్యం అమ్ముతాయి. ఆ వెసులుబాటు అమ్మకానికే గానీ, వంటింట్లో బీరు కాచుకోవడానికి కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎక్సైజు లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం నేరమే. బ్రిటన్ 1963లో, అమెరికా 1978లో ఇంటి బీరుకు తలుపు తెరిచాయి కాబట్టి ఈ అభిరుచికి సంబంధించిన పద్ధతులు ఎక్కువగా అక్కడ స్థిరపడ్డాయి. అంతమాత్రాన ఆ విద్యంతా మనకు పనికిరాదని అనుకోనక్కర్లేదు. పులియబెట్టడం చట్టానికి అవతల ఉండిపోయినా, గ్యాసు పట్టించడం ఇవతలే ఉంది. అది బీరుకు తోక కాదు, తన కాళ్ల మీద తాను నిలబడగల విద్య.

చరిత్ర కూడా ఈ మాటే చెబుతుంది. నేటి బహ్రెయిన్ ప్రాచీన దిల్మున్ నాగరికతకు కేంద్రం. దిల్మున్ నేపథ్యంగా సాగే సుమేరియన్ పురాణగాథలో ఎంకి దేవుడి నోటి నొప్పి మాన్పడానికి పుట్టిన దేవత నిన్‌కాసి. ఆమే బీరుకు అధిదేవత. జాడీ చుట్టూ కూర్చుని పొడవాటి గొట్టాలతో తాగే మనుషులు దిల్మున్ ముద్రికల మీద కనిపిస్తారు. అలాంటి మూతలేని జాడీలో పులిసేటప్పుడు పుట్టిన గ్యాసు చాలావరకు గాలిలో కలిసిపోతుంది. అంటే బీరు వేల ఏళ్ల నాటిదైనా, అందులో గ్యాసును పట్టి ఉంచడం గట్టి పాత్రలు వచ్చాకే కుదిరింది. 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ తన ఇంటి పక్క బీరు కార్ఖానా తొట్ల మీద తేలే గ్యాసును నీళ్లలోకి ఎక్కించాడు. బీరు నుంచి గ్యాసు విడిపోయింది అక్కడే. 1783లో జెనీవాలో జాకబ్ ష్వెప్ గ్యాసు నీళ్లను వ్యాపారంగా మార్చాడు. 1870లలో హైరమ్ కాడ్ గోలీతో మూసుకునే సీసా కనిపెడితే, అది మన ఊళ్లలో గోలీ సోడాగా స్థిరపడింది. ఇరవయ్యో శతాబ్దంలో పెప్సీ, కోకాకోలా కంపెనీలు సిరప్ పంపడానికి వాడిన 19 లీటర్ల స్టీలు కెగ్గులు, సిరప్‌ను ప్లాస్టిక్ సంచుల్లో పంపే పద్ధతి వచ్చాక పాతసామాను ధరకు బయటపడ్డాయి. ఇంట్లో బీరు కాచేవాళ్లు వాటినే అందుకున్నారు. గ్యాసును సోడాకు ఇచ్చింది బీరయితే, కెగ్గును బీరుకు ఇచ్చింది సోడా.

ఈ విద్యకు పునాది 1803లో విలియం హెన్రీ చెప్పిన సూత్రం: ద్రవంలో కరిగే గ్యాసు, దాని పైనున్న ఒత్తిడిని బట్టి పెరుగుతుంది. చల్లదనం దీనికి తోడవుతుంది. మామూలు వాతావరణ ఒత్తిడిలో లీటరు నీరు సున్నా డిగ్రీల దగ్గర సుమారు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడును పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర అందులో సగం కూడా పట్టుకోలేదు. సాధారణ బీరుకు లీటరుకు రెండున్నర లీటర్ల గ్యాసు కావాలి, సోడాకు మూడున్నర నుంచి నాలుగు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉన్న కెగ్గుకు 11, 12 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) ఒత్తిడి పెడితే బీరు కొలత అందుతుంది. 25 డిగ్రీల గదిలో అదే కొలతకు 30 పీఎస్ఐ దాటాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే దేశంలో గ్యాసు ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరు కంటే ముందు కొనాల్సింది ఫ్రిజ్.

పని క్రమం కష్టమైనది కాదు. కెగ్గును, గొట్టాలు తగిలించే పోస్టులను, గొట్టాలను విప్పి కడిగి, క్రిమిసంహారక ద్రావణం పట్టించాలి. పానీయాన్ని అంచు దాకా కాకుండా కాస్త ఖాళీ ఉంచి నింపాలి. మూత బిగించి గ్యాసు వదిలి, రిలీఫ్ వాల్వు లాగి బయటికి పోనిచ్చి, ఇలా నాలుగైదుసార్లు చేస్తే లోపలి గాలి పోతుంది. బీరుకైతే ఇది తప్పనిసరి, ఆక్సిజన్ మిగిలితే రుచి అట్టముక్కను తలపిస్తుంది. ఆపైన రెండు దారులు. 12 పీఎస్ఐ పెట్టి వారం పది రోజులు కదపకుండా వదిలేయడం ఒకటి. 30 పీఎస్ఐ దగ్గర ఒక రోజు ఉంచి, తర్వాత తగ్గించడం రెండోది. రెండో దారిలో తొందరపడితే గ్యాసు ఎక్కువై, కుళాయి తిప్పగానే గ్లాసు నిండా నురగే వస్తుంది. నురగకు ఇంకో కారణం పొట్టి గొట్టం. సన్నటి గొట్టం మూడు మీటర్లుంటే లోపలి ఒత్తిడి దారిలోనే తగ్గి, పానీయం నెమ్మదిగా దిగుతుంది.

ఇక కెగ్గులో ఏం నింపాలన్నది ప్రశ్న. దీనికి బహ్రెయిన్ నేలలోనే జవాబుంది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన కల్అత్ అల్ బహ్రెయిన్ కోటలో మద్‌బసలు ఉన్నాయి. గాడులు తీసిన నేల మీద ఖర్జూరాల బస్తాలు పేరిస్తే, వాటి బరువుకే ఊరిన పాకం గాడుల వెంట జాడీలోకి చేరేది. దాన్నే అరబ్బీలో దిబ్స్ అంటారు, నేటికీ దుకాణాల్లో దొరుకుతుంది. ఆ పాకం ఉత్తదే అయితే మొహం మొత్తుతుంది. చన్నీళ్లలో పలుచన చేసి, నిమ్మరసం పిండి, గ్యాసు పట్టిస్తే తీపి తేలికవుతుంది, ఎందుకంటే కరిగిన గ్యాసు నీటితో కలిసి ఆమ్లమై నాలుకకు చురుకు పుట్టిస్తుంది. పాకాన్ని పలుచని గుడ్డలో వడగట్టాలి. పీచు మిగిలితే దాని చుట్టూ బుడగలు పుట్టి నురగ పొంగుతుంది. ఇందులో చక్కెర ఉంది కనుక ఎప్పుడూ 4 డిగ్రీల దగ్గరే ఉంచి కొద్ది రోజుల్లో ముగించాలి. బయట వదిలేస్తే గాలిలోని ఈస్టు పులియబెట్టడం మొదలుపెడుతుంది, అప్పుడు చట్టం గీసిన గీత మనకు తెలియకుండానే దాటుతాం.

సిలిండరు నుంచి ఎక్కించిన గ్యాసు కృత్రిమం, సీసాలో ఈస్టే పుట్టించింది సహజం అన్నది బీరు ప్రియుల పాత అభ్యంతరం. అందులో కొంత న్యాయముంది. సీసాలోని సజీవ ఈస్టు మిగిలిన ఆక్సిజన్‌ను తినేసి బీరును కాపాడుతుంది. గ్యాసు మాత్రం రెండు చోట్లా ఒకటే పదార్థం. పైగా సీసా పద్ధతిలో చక్కెర కొలత తప్పితే దిద్దుకునే వీలు లేదు. లీటరుకు నాలుగు గ్రాముల చక్కెర సుమారు ఒక లీటరు గ్యాసుగా మారుతుంది, అంచనా మించితే సీసా పగులుతుంది. సరైన కొలతతో చేసిన సీసాలోనూ 40 డిగ్రీల గదిలో ఒత్తిడి 50 పీఎస్ఐ దరిదాపులకు చేరుతుంది. కెగ్గులోనైతే ఎక్కువైంది వదిలేయొచ్చు, తక్కువైంది ఎక్కించొచ్చు.

ఖర్చు, ప్రమాదం అన్నవి ఇంకా బరువైన అభ్యంతరాలు. ఖర్చు సంగతికొస్తే, సిలిండరు, రెగ్యులేటరు కొన్నాక కెగ్గు మాట తర్వాత చూసుకోవచ్చు. కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాకు గ్యాసు ఎక్కించే ప్రత్యేకమైన మూత బిగిస్తే సూత్రమంతా అందులోనే నేర్చుకోవచ్చు. ప్రమాదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. కార్బన్ డయాక్సైడు సిలిండరులో 21 డిగ్రీల దగ్గరే సుమారు 850 పీఎస్ఐ ఉంటుంది, 31 డిగ్రీలకు వెయ్యి దాటుతుంది, ఆపైన మరీ వేగంగా పెరుగుతుంది. బహ్రెయిన్ ఎండలో ఆగిన కారులో దాన్ని వదలకూడదు. ఏసీ కోసం తలుపులన్నీ మూసిన గదిలో లీకయితే, గాలికంటే బరువైన ఆ గ్యాసు కింద పేరుకుని ఊపిరాడనివ్వదు. వంటగ్యాసులా వాసన ఉండదు కాబట్టి ప్రతి అతుకుకూ సబ్బునీళ్లు రాసి చూడటమే దారి.

అందుకే ఏ దేశంలోనైనా, బీరు చట్టబద్ధమైన చోట కూడా, కొత్తవారు మొదటి కెగ్గులో మంచినీళ్లే నింపాలి. ఒత్తిడి, చల్లదనం, వ్యవధి, గొట్టం పొడవు, లీకు, అన్నీ నీళ్లతోనే తేలిపోతాయి. తప్పు జరిగినా పోయేది నీళ్లే. ఆ నీళ్లు సరిగ్గా సోడా అయిన రోజు, తర్వాత ఏం నింపాలో తమ నాలుకను, తామున్న దేశపు చట్టాన్ని బట్టి తేల్చుకోవచ్చు.