దీవిలో కుంచె

చిత్రకారుడు ఇల్లు వదిలి ఓ దీవిలో కొన్ని వారాలో నెలలో మకాం పెట్టి బొమ్మలు వేసుకోవడాన్ని ఆర్టిస్ట్ రెసిడెన్సీ అంటున్నారు. ఉండటానికి గది, వేసుకోవడానికి చోటు ఎవరో ఒకరు చూస్తారు. కెనడా తూర్పు తీరంలోని ఫోగో దీవి ఇందుకు పేరుపడింది. 1992లో అక్కడి ప్రభుత్వం కాడ్ చేపల వేట ఆపించాక జాలర్లకు బతుకుతెరువు పోయింది. ఆ దీవిలోనే పుట్టిన జీటా కాబ్ తర్వాత షోర్‌ఫాస్ట్ సంస్థ పెట్టి, సముద్రపు బండల మీద స్టూడియోలు కట్టించి కళాకారులను పిలిచారు.

కృష్ణా జిల్లాలో దీనికి దగ్గరి ఉదాహరణ దీవిలో కాక బందరు ఊళ్లోనే కనిపిస్తుంది. కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు 1910లో నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో బెంగాలీ చిత్రకారుడు ప్రమోద్ కుమార్ చటర్జీ 1920లలో చిత్రకళ నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. అయితే చటర్జీకి పేరు తెచ్చిన బొమ్మలు ఎక్కువగా పురాణాలవీ దేవతలవీ. ఇంత సముద్రం పక్కనుండగా అది కాస్త వెలితే.

చటర్జీది బెంగాల్ శైలి. దానికి ప్రాణం వాష్ పద్ధతి. 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారులు తైకాన్, షున్సోల పని చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ దాన్ని తన పద్ధతిగా మలచుకున్నారు. పలచటి రంగు పూసి, ఆరాక కాగితాన్ని నీళ్లలో ముంచి తీస్తారు. కాగితం పీల్చుకున్న రంగు నిలుస్తుంది, మిగిలింది కొట్టుకుపోతుంది. మళ్లీ పూత, మళ్లీ ముంపు. ఉప్పుగాలిలో కాగితం ఓ పట్టాన ఆరదు. తొందరపడి తడి మీదే పూస్తే రంగులు కలగాపులగమవుతాయి. తడి కాగితాలు దొంతర పెడితే బూజు పడుతుంది.

నిజంగా దీవే కావాలంటే దివిసీమ ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి ఈ నేలను చుట్టుకుంటుంది. ఏటిమొగ రేవులో పంటు ఎక్కి ఏరు దాటితే ఎదురుమొండి. ఆ చివర్లలో మడ అడవులున్నాయి. పోటు మీద నీళ్లలో తేలుతున్నట్టు కనిపించే ఆకుపచ్చ, ఆటు తగిలేసరికి బురద మీద నిలబడుతుంది. మొదళ్ల చుట్టూ మేకుల్లా గాలివేర్లు బయటపడతాయి. ఆ బురద గోధుమరంగని తేల్చేయడానికి లేదు: తడిగా ఉన్నంతసేపూ ఆకాశం నీలం అందులో కనిపిస్తుంది, ఎండేకొద్దీ బూడిదరంగుకు తిరుగుతుంది. ఒక్కపూట వచ్చి ఫొటో తీసుకుని వెళ్లేవాళ్లకు ఈ మార్పు దక్కదు. ఆటుపోట్ల వేళలు రోజురోజుకూ జరుగుతుంటాయి గనుక, నిన్నటి వెలుగులో నిన్నటి నీటిమట్టం మళ్లీ దొరకాలంటే దాదాపు పక్షం రోజులు ఆగాలి.

ఇక్కడ మకాంకు సంక్రాంతి దాటిన రోజులు మేలు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టనపెట్టుకుంది. ఆ నెలల్లో దీవిలో కుంచె పట్టమని ఎవరినీ పిలవకూడదు.

ఇక రంగుల సంగతి. ఈ తీరానికి తనవైన రంగులున్నాయి. బందరు అద్దకాలకు నల్లరంగు తుప్పుపట్టిన ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో వస్తుంది. ముందుగా కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అది నల్లబడుతుంది. ఎరుపుకు పటిక అద్ది, చిరువేరుతో ఉడికించేవారు. గవ్వల సున్నం కలిసిన తీరపు ఇసుకలో పెరిగిన చిరువేరు చిక్కటి ఎరుపునిస్తుంది.