ముద్దు తర్వాత

మణిరత్నం 'అమృత' (2002, తమిళంలో 'కన్నత్తిల్ ముత్తమిట్టాల్') ఇన్నేళ్ళకు మళ్ళీ చూశాను. శ్రీలంక యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శ్యామ రామేశ్వరం శిబిరంలో బిడ్డను కని, వదిలి వెళ్ళిపోతుంది. పెంచుకున్న తల్లిదండ్రులు తొమ్మిదో పుట్టినరోజున పాపకు నిజం చెప్తారు. ఇక పాప కోపం ఎక్కువగా పెంచిన తల్లి ఇందిర మీదే. నన్నెందుకు వదిలేసిందన్న ప్రశ్న, కన్నతల్లి ఎదురుగా లేదు కనక, దగ్గరున్న తల్లికే తగులుతుంది. దీన్ని కృతఘ్నతగా చూపించకపోవడం ఈ సినిమా గొప్పదనం.

కానీ పాపను పెంచుకోవాలన్న నిర్ణయం భర్తది. అందుకోసమే అతను ఇందిరను పెళ్ళి చేసుకుంటాడు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కూడా కాపురంలో ఉన్న భార్యకు సమ్మతి తెలపడం మాత్రమే మిగిల్చింది. తన పేరున దత్తత తీసుకునే హక్కు 2010 సవరణతో గానీ రాలేదు. సమ్మతి వరకే లెక్కకొచ్చిన స్త్రీ ఆ బిడ్డ గాయాన్ని మాత్రం రోజూ మోయాలి. ఆ మోతనంతా సినిమా చివరి ముద్దుతో తీర్చేస్తుంది. పసితనంలో తగిలిన దెబ్బ ఒక్క ప్రయాణంతో మానుతుందా? చెన్నై తిరిగొచ్చాక పాప మళ్ళీ అమ్మను దూరం నెట్టదా? ఆ రోజుల కథను ఇందిర వైపు నుంచి మనమే రాసుకోవాలి.