అయిదు రోజుల లంక: గుడి, ఏనుగు, బీచ్

శ్రీలంక టూర్ ప్యాకేజీ కాగితాన్ని ఒకసారి కథ చదివినట్టు చదివి చూడండి. మొదటి రోజు కొలంబోలో దిగడం, పిన్నవల ఏనుగులు. రెండో రోజు దంబుల్ల గుహలు, సిగిరియ కొండ. మూడో రోజు క్యాండీ, బుద్ధుడి దంతం ఉన్న మందిరం. నాలుగో రోజు నువర ఎలియ, సీతమ్మ గుడి, టీ తోటలు. అయిదో రోజు బెంటోట బీచ్, రాత్రికి విమానం. ఊళ్లున్నాయి, టైములున్నాయి, బ్రేక్‌ఫాస్ట్ కూడా ఉంది. క్రియలు మాత్రం రెండే: చూడటం, బయల్దేరటం.

ఆ కాగితంతో నాకు పేచీ లేదు. ఉన్న నాలుగు సెలవుల్లో, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకుని పోయేవాళ్లకి అది కావాల్సిందే. నా పేచీ అంతా తిరిగొచ్చాక రాసే వాటితో. లంక మీద ఈమధ్య తెలుగులో నేను చదివిన యాత్రా వ్యాసాల్లో ఎక్కువ భాగం ఆ కాగితానికే విశేషణాలు తగిలించినట్టున్నాయి. గుడి అద్భుతం, ఏనుగు ముచ్చట, బీచ్ ప్రశాంతం. ఇంట్లోంచి కదలకుండా రాయగలిగిన దాన్ని యాత్రా వ్యాసం అని ఎందుకనాలి?

ప్యాకేజీ కామాలతో నడుస్తుంది. గుడి, కామా, ఏనుగు, కామా, సముద్రం. రచయిత పని ఆ కామా తీసేసి అక్కడ ఒక క్రియ పెట్టడం. ఏది దేన్ని కట్టింది, ఏది దేన్ని కూల్చింది, ఎవరు ఎక్కడికి వచ్చారు, ఎందుకు వచ్చారు అని అడగడం.

తూర్పు తీరంలోని ట్రింకోమలీ తీసుకోండి. కోణేశ్వరం గుడికి పోవాలంటే ఫ్రెడరిక్ కోటలోంచి పోవాలి. ఆ కోటలో చుక్కల దుప్పులు మనుషుల మధ్యే మేస్తుంటాయి. పైన కొండ కొమ్మున శివుడు, కింద సముద్రం. గుడి, జంతువు, తీరం మూడూ ఒక్క చోటే దొరికాయని సంబరపడి ఫోటో పెట్టేయొచ్చు. కానీ పాత గుడిని 1620లలో పోర్చుగీసువాళ్లు కూలగొట్టి, ఆ రాళ్లు కోటకి వాడారు. ఇంకొన్ని సముద్రంలో పడ్డాయి. 1956లో ఆర్థర్ సి. క్లార్క్, మైక్ విల్సన్ నీళ్లలోకి దిగి చూస్తే ఆ గుడి శిథిలాలు కనిపించాయి. అంటే దుప్పి మేస్తున్న కోటలో గుడి ఉంది, సముద్రం అడుగున కూడా గుడి ఉంది. ఈ సంగతి తెలిశాక అదే ఫోటో వేరే ఫోటో అవుతుంది.

క్యాండీ సంగతి మనకి ఇంకా దగ్గరిది. దంత మందిరం ముందున్న చెరువుని తవ్వించినవాడు శ్రీ విక్రమ రాజసింహుడు. మా రాజన్న గుడికి గుడి చెరువు ఉన్నట్టు అక్కడా గుడి ఎదుట చెరువు. ఆయన క్యాండీ నాయక రాజుల్లో చివరివాడు. 1739 నుంచి 1815 దాకా ఏలిన ఆ వంశానికి మధుర నాయకులతో చుట్టరికం, తెలుగు మూలాలు. ఇంగ్లీషువాళ్లు ఆయన్ని పట్టుకుని వేలూరు కోటకి పంపారు. 1832లో అక్కడే పోయాడు. మనవాళ్ల వ్యాసాల్లో రావణుడికి రెండు పేజీలు దొరుకుతాయి, ఈయనకి రెండు వాక్యాలు దొరకవు. రామాయణం మనం చదువుకునే వెళ్తాం కాబట్టి అక్కడ దాన్నే వెతుక్కుంటాం. చదవనిది ఎదురుగా ఉన్నా ఆగం.

రాకపోకలు ఒకవైపే జరగలేదు. 3వ శతాబ్దంలో నాగార్జునకొండ దగ్గర బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి నుంచి వచ్చిన థేరవాద భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. తామ్రపర్ణి అంటే లంకే. అక్కడొక సింహళ విహారం కూడా ఉండేది. ఇవాళ నాగార్జునకొండే సాగర్ నీళ్ల మధ్య ఒక ద్వీపం. లాంచీ ఎక్కి పోయి, మ్యూజియం చూసి, వెనక్కి రావటం. అదీ ప్యాకేజీయే.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది నాగుపాము ఫోటో. లంకలో టూరిస్టులు తిరిగే చోట్ల బుట్టలోంచి నాగుని లేపి ఆడించేవాళ్లు కనిపిస్తారు. అహికుంటకులు అనే సంచార జాతి తరతరాలుగా చేస్తున్న పని అది. వాళ్ల ఇంటి భాష తెలుగు. తంబుత్తేగమ దగ్గరి కుడాగమలో, తూర్పున అక్కరైపత్తు దగ్గరి ఆలిగంబేలో వాళ్ల ఊళ్లున్నాయి. పిల్లల చదువు సింహళంలోనో తమిళంలోనో. తెలుగు నోటి మీదే బతకాలి, నోటి మీదే పోవాలి. హైదరాబాద్ నుంచి పోయినవాళ్లు ఆ పాముకి ఫోటో తీసి, చేతిలో నోటు పెట్టి, ఇంగ్లీషులో థాంక్స్ చెప్పి బస్సెక్కుతారు. ఆ ఫోటో 'వన్యప్రాణులు' అనే ఉపశీర్షిక కింద అచ్చవుతుంది. తెలుగులో రాసిన వ్యాసంలో తెలుగు మాట్లాడే మనిషి పాముకి నేపథ్యంగా మిగలటం కన్నా పెద్ద లోపం నాకు కనపడదు.

లంక దాకా పోనక్కర్లేదు. వేములవాడ, కొండగట్టు, ధర్మపురి ఒక్కరోజు ట్రిప్పుకి వచ్చేవాళ్లు కోడె మొక్కు చెల్లించి వెళ్లిపోతారు. ఈ ఊరినుంచే ఏలిన చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో పంప కవి ఉన్నాడనీ, ఆయన తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల బొమ్మలగుట్ట మీద చెక్కించిన 10వ శతాబ్దపు శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయనీ ఏ ట్రిప్పు కాగితంలోనూ ఉండదు. మన ఇంటి పక్క గుట్ట ఎక్కని కళ్లే విమానం ఎక్కుతున్నాయి.

తెలుగులో ఈ పని చేసినవాళ్లు లేక కాదు. ఏనుగుల వీరాస్వామి 1830-31లో మద్రాసు నుంచి కాశీకి పోయింది భక్తితోనే. అయినా కాశీయాత్ర చరిత్రలో దేవుడితో పాటు దారి ఉంది, ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, నీళ్లెట్లా ఉన్నాయి, ఎవరికెంత ఇచ్చుకోవాలి అన్నీ ఉన్నాయి. పదిహేను నెలలు తిరిగాడు కదా అంటారేమో. నిజమే, మనకి అయిదు రోజులే. ఆ అయిదు రోజుల్లో ఒక్క మనిషితో పావుగంట మాట్లాడటానికి సెలవు సరిపోతుంది.

ఈసారి లంక మీద రాసేవాళ్లకి ఒక విన్నపం. సిగిరియ ఎన్ని మెట్లో మాకు ఫోన్ చెప్తుంది. మీరు ఆ పాములాయన పక్కన కూచుని తెలుగులో ఒక మాట అనండి. ఆయన ఏమన్నాడో రాయండి. అర్థం కాక మీ మొహం చూసి ఊరుకుంటే, అదే రాయండి.