కొనేవారి కోరిక, గీసేవారి గీత

డబ్బు కోసం గీసిన బొమ్మ కళ కాదు, సరుకు అనడం మనలో చాలామందికి అలవాటు. చరిత్ర ముందు ఈ మాట నిలవదు. మన తెలుగునాట పేరుపడ్డ చిత్రకళలన్నీ ఎవరో ఒకరు అడిగితే, అడిగినవారి అవసరానికి తగ్గట్టు రూపుదిద్దుకున్నవే. కనుక బొమ్మను చూసినప్పుడు వేసుకోవలసిన ప్రశ్న “ఇది అమ్మకానికి గీసిందా?” అని కాదు, “కొన్నవారికి దీనితో ఏం పని?” అని.

కలంకారీనే తీసుకుందాం. శ్రీకాళహస్తి పనికి పోషణ దేవాలయానిది. గుడికి కావలసింది గోడకు వేలాడదీసి భక్తులకు చూపే పురాణకథ. అందుకే ఆ బట్టమీద రామాయణం గళ్ళు గళ్ళుగా వరుసలో నడుస్తుంది. నడుమ పెద్ద ఘట్టం, బొమ్మల వెంట తెలుగు అక్షరాల్లో కథ.

బందరు సంగతి వేరు. గోల్కొండ సుల్తానుల కాలంలో అక్కడి రేవు నుంచి సరుకు ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కు వెళ్ళేది. అంటే మనం సాయంత్రాలు తీరాన కూర్చుని చూసే ఈ ఒమన్ సముద్రం మీదుగానే. అక్కడివారికి నమాజు బట్టలు కావాలి, ఇంటి తెరలు కావాలి. కాబట్టి దేవుళ్ళు తప్పుకున్నారు. తోరణపు వంపు, నిటారు చెట్టు, పూలతీగ వచ్చాయి. ఆ తర్వాత ఇంగ్లీషువాడు వచ్చాడు. 1643లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ పెద్దలు సూరత్‌లోని తమ ఉద్యోగులకు ఉత్తరం రాశారు. ముదురు ఎరుపు నేల మీది రజాయిలు అందరికీ నచ్చడం లేదట. తెల్లనేల ఎక్కువ ఉంచి, నడుమ రంగుల పూలకొమ్మలు వేయించమన్నారు. తరువాతి కాలంలో కోరమండల్ తీరపు పలంపోర్ల మీద తెల్లనేలలో విరబూసిన చెట్టే రాజ్యమేలింది. వాటిని నేటికీ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చూడవచ్చు. ఇలాంటి భారతీయ బట్టల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండు 1721లో నిషేధాలు పెట్టుకున్నాయి.

ఆ పూలచెట్టు తక్కువ కళా? ఎంతమాత్రం కాదు. కొనేవాడు దేవుణ్ణి వద్దన్నాడు గాని, పనితనం వద్దనలేదు. మంచం నిండే బట్ట అడిగాడు, ఆకు ఆకుకూ పని అడిగాడు. కథ పోయింది, చేయి నిలిచింది.

ఇక తెలంగాణలోని చేర్యాల పటాలు చూడండి. వాటిని కొన్నవారు ఊరూరా తిరిగే కథకులు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడిగెలవారు నకాశీ కళాకారుల చేత పటం గీయించుకునేవారు. వెడల్పు 3 అడుగులు, పొడవు ఒక్కోసారి 60 అడుగులు. వెనుక కూర్చున్నవాడికీ బొమ్మ ఆనాలి గనుక ఎర్రనేల, పెద్ద కళ్ళు, దట్టమైన రంగులు. కథకుడు పటం విప్పుతూ పోతాడు గనుక ఘట్టం తర్వాత ఘట్టం. అక్కడ ఒక్క బొమ్మ ఒంటరిగా నిలబడదు. ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరుగుతుందో పక్క గడి చెబుతుంది.

ఇప్పుడు కొనేది మనం. సెలవుకు వెళ్ళినప్పుడు మనం అడిగేదేమిటి? సోఫా రంగుకు సరిపోవాలి, పెట్టెలో పట్టాలి, వచ్చినవారు చూడగానే “బాగుంది” అనాలి. ఆ కోరికకు తగ్గట్టే చేర్యాల పటం చట్రంలో ఇమిడే ఒక్క గడి అయింది, గోడకు తగిలించే మాస్కు అయింది. కాళహస్తి రామాయణం చీర చెంగు మీద ఒక ముఖమై మిగిలింది. ఇందులో కళాకారుణ్ణి తప్పుపట్టడం అన్యాయం. నెలల తరబడి గీసే పటానికి గిరాకీ లేకపోతే అతను ఇల్లు గడుపుకోవద్దా? ముత్రా సూక్‌లో కోట, ఖంజర్, ఓడ బొమ్మలే వరుసగా కనబడితే ఒమన్ చిత్రకళ అంతేనని మనం అనుకోము కదా. అవి పర్యాటకుడి అవసరానికి కొలత. మన గోడమీది బొమ్మ మన అవసరానికి కొలత.

అసలు నష్టం ఇంకొకటుంది. చిన్న గడులే గీస్తూ పెరిగిన కుర్రవాడికి 60 అడుగుల కథను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ మలుపు తిప్పాలో నేర్చుకునే అవసరమే రాదు. రంగు కలపడం చేతికి వస్తుంది, కథ కూర్చడం రాదు. అది ఒకసారి పోతే డబ్బిచ్చినా తిరిగి రాదు.

మన కోరికను కాస్త మార్చుకోవచ్చు. ఒక్క బొమ్మకు బదులు అయిదారు గడుల కథ అడగండి. ఏ కథో చెప్పమనండి. కలంకారీ అయితే తెలుగు అక్షరాలు తీసేయవద్దనండి. ఇక్కడ పెరిగే పిల్లలు కూడబలుక్కుని చదవడానికి అంతకంటే మంచి వాచకం ఏముంది? గడువు ఎక్కువ ఇవ్వండి, ధర తగ్గించమని బేరమాడకండి. నలుగురు కుటుంబాలవారు కలిస్తే సంఘానికొక పటం గీయించుకోవచ్చు. పండుగనాడు దాన్ని విప్పి పిల్లలకు కథ చెప్పవచ్చు. పెట్టెలో పట్టదన్న భయం అక్కరలేదు. గాజు చట్రం విమానంలో పగులుతుందేమో గాని, ఊరూరా తిరగడానికి పుట్టిన పటం చాపచుట్టలా చుట్టుకుని వస్తుంది.