ఆస్ట్రల్ వీక్స్, నీకు జేజేలు

1968లో, న్యూయార్క్‌లోని సెంచరీ సౌండ్ స్టూడియోలో, సెప్టెంబరు అక్టోబరుల నడుమ మూడే మూడు దఫాల్లో పుట్టినదానా! నిన్ను కన్న గాయకుడు వాన్ మారిసన్‌కు అప్పుడు 23 ఏళ్లు. బెల్‌ఫాస్ట్ పిల్లాడు. తండ్రి ఓడల కార్ఖానాలో ఎలక్ట్రీషియన్. ఆయన పోగేసిన బ్లూస్, జాజ్ రికార్డులే కొడుక్కి ఉగ్గుపాలు. తొలి ఆల్బమ్‌ను అతనికి మాటైనా చెప్పకుండా బజార్లో పెట్టేశారు. రెండోదానివి నువ్వు. అతని మనసెరిగి పుట్టావు.

నీ చుట్టూ ఎలాంటి జాజ్ పెద్దలు చేరారమ్మా! ఎరిక్ డాల్ఫీ పక్కన వాయించిన రిచర్డ్ డేవిస్ బేస్ పట్టాడు. చార్లెస్ మింగస్ దగ్గర వాయించిన జే బెర్లినర్ గిటార్ అందుకున్నాడు. మోడర్న్ జాజ్ క్వార్టెట్ నుంచి వచ్చిన కోనీ కే డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. ఎవరి ముందూ స్వరాల కాగితం లేదు. ఇలా వాయించండని చెప్పినవాడూ లేడు. కుర్రాడు పాట ఎత్తుకున్నాడు, వాళ్లు చెవి ఒగ్గారు. ఆ వినికిడే నీ ఊపిరి.

డేవిస్ బేస్‌కు మొక్కుతాను. గొంతుకు ముందు నడిచి దారి చూపిస్తుంది, గొంతు తడబడితే వెనక నిలిచి పట్టుకుంటుంది. ‘మేడమ్ జార్జ్’లో ఉన్నవి కొద్దిపాటి కార్డులే. తొమ్మిది నిమిషాలు దాటినా విసుగు రాదు. చివర్లో వీడ్కోలు మాటలను విరిచి, కలిపి, తిప్పి తిప్పి పాడతాడు, మన విద్వాంసుడు ఒక్క పాదం పట్టుకుని నెరవల్ చేస్తున్నట్టు. అర్థం కరిగిపోయి బెంగ ఒక్కటే మిగులుతుంది.

‘సైప్రస్ అవెన్యూ’కు మొక్కుతాను. అతను పెరిగిన హిండ్‌ఫోర్డ్ వీధిలో ఇరుకిళ్ల వరస. కొద్ది దూరంలోనే చెట్ల నీడన కలవారి వీధి. ఆశపడి చూసిన ఆ వీధే పాటకెక్కింది. నోరు పెగలని కుర్రాడి తడబాటును దిద్దకుండా రాగంలోకి తెచ్చుకున్నావు. దాని పక్కనే హార్ప్‌సికార్డ్ గలగలలు.

‘స్లిమ్ స్లో స్లైడర్’లో మాత్రం నువ్వు ఓదార్చవు. సోప్రానో శాక్సోఫోన్ ఏడుస్తుండగానే పాట తటాలున తెగిపోతుంది. చావుకు దగ్గరైన అమ్మాయి పాట అది. నిదానంగా ముగిస్తే అబద్ధమయ్యేది.

నవంబరులో బజారుకు వచ్చినప్పుడు నిన్ను కొన్నవాళ్లు కొద్దిమందే. అమెరికాలో గోల్డ్ రికార్డు అనిపించుకోవడానికి 2001 దాకా పట్టింది. హిట్ పాట ఒక్కటీ లేకుండా, ఆ చెవి నుంచి ఈ చెవికి చేరుతూ ఇన్నేళ్లు బతికావు.

వినబోయేవారికి ఒక్క మాట. ఎనిమిది పాటలు, దాదాపు 47 నిమిషాలు. వరస మార్చకండి, మధ్యలో ఆపకండి. ఆనాడు స్టూడియోలో ఆ జాజ్ పెద్దలు విన్నంత శ్రద్ధగా వినండి. అంతకు మించి ఏమీ తెలిసి ఉండక్కర్లేదు.