నాణెం మీది మాట

ఆ మధ్య కొత్తవలసలో మా కథాగోష్ఠిలో ఒక యువ రచయిత మహమ్మద్ బిన్ తుగ్లక్ మీద కథ చదివాడు. సంభాషణలు చురుగ్గా ఉన్నాయి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు మీదే అనుమానం కలిగింది. వెండి టంకం విలువకు ఇత్తడి, రాగి బిళ్లలు చెలామణీ చేయడానికి సుల్తాను పిచ్చే కారణమని కథ తేల్చింది. ఒక వ్యక్తి తిక్కతో చరిత్రను వివరించడం తేలికే. కాని అది వివరణ కాదు.

ఆ బిళ్లలు వచ్చింది 1329-30లో. అప్పటికి మంగోలు ఖాన్లు ఓల్గా నుంచి ఇరాన్ దాకా అరబ్బీ అక్షరాలతో వెండి దిర్హాములు వేస్తున్నారు. ఓల్గా తీరపు బల్గార్‌లో, ఖాన్లు ఇస్లాం పుచ్చుకోక ముందే, తొలి నాణేల మీద ఎప్పుడో చనిపోయిన బాగ్దాద్ ఖలీఫా అల్ నాసిర్ పేరు వేశారు. బజారు నమ్మే పేరు అదే గనక అని నేననుకుంటాను. ఇరాన్‌లో 1294లో గైఖాతు కాగితం డబ్బు తెస్తే తబ్రీజ్ బజారు మూతపడింది. ఖాన్ల కత్తికి లొంగిన బజారు వాళ్ల కాగితానికి లొంగలేదు. తరవాత గజాన్ మళ్లీ వెండినే చక్కదిద్దవలసి వచ్చింది.

తుగ్లక్ బిళ్లల్నీ ఈ వెలుగులో చదవాలి. సుల్తానుకు విధేయుడైనవాడు దేవుడికి విధేయుడైనట్టేనని వాటి మీద చెక్కించాడు. మంచి వెండికి ఈ ఉపదేశం అక్కర్లేదు. జనం దొంగబిళ్లలు పోశారు. ప్రతి హిందువు ఇల్లూ టంకశాల అయిందని చరిత్రకారుడు బరనీ నేరం జనం మీదికి నెట్టాడు. మన కథకుడు పిచ్చి మీదికి నెట్టాడు. ఆ కథలో శిస్తు కట్టే రైతు ఊసు లేదు.

ఆ రైతు మనవాడు కూడా. ఓరుగల్లు కప్పం ఢిల్లీ ఖజానాకు చేరింది. 1323లో ఓరుగల్లు పడిపోయి సుల్తాన్‌పూర్ అయింది. తిలంగ్ పేరు టంకం మీదికెక్కింది. కిప్చాక్ మైదానాల్లో యాభై అరవై దిర్హాములకు దొరికే గుర్రం హిందూస్థానంలో ఎన్నో రెట్లు పలికేదని ఇబన్ బతూతా రాశాడు. ఆ ధర ఎవరి పంట? శ్రీనాథుడి కనకాభిషేకానికి మురిసే మన విమర్శకులూ ఈ ప్రశ్న అడగరు.

ఆ మిత్రుణ్ణి కథ మళ్లీ రాయమంటున్నాను. సుల్తాను దర్బారు నుంచి కాదు, ఇత్తడి బిళ్ల చేతిలో పెట్టించుకున్న వాడి గడప నుంచి. లోహం ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి పోతుందో, బైలదిల్లా ఖనిజం రైళ్లు దాటిపోయే కొత్తవలస రచయితకు నేను చెప్పాలా?