రెండు దారుల నడిమి నేల

బాట వేయుట అనగా బాటను మాత్రమే వేయుట కాదు. రెండు బాటలు దగ్గరదగ్గరగా సాగునప్పుడు వాని నడుమ మిగిలిన నేలను కూడ చదును చేసి, వాలు కూర్చవలెను. ఆ నేలపై పడిన వాన ఎటు పోవునో చెప్పలేని నమూనా ఎంత అందముగ నున్నను అసంపూర్ణమే. ఈ పనిని నేడు కంప్యూటరు సహాయమున చేయుచున్నారు. ఇందుకు మన ఇంజనీర్లు, విద్యార్థులు వాడు సాధనములలో ఆటోడెస్క్ సంస్థవారి ‘సివిల్ త్రీడీ’ ముఖ్యమైనది. రెండు రోడ్ల నడిమి నేలను అది పూరించు తీరు ఎంతవరకు నమ్మదగినదో విచారింతము.

ఈ విచారణకు హైదరాబాదులోని జూబిలీహిల్సు, ఫిలింనగర్ ప్రాంతములు చక్కని ఉదాహరణము. ఇచ్చటి గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. ఈ రాతి గుట్టలపై ఒక వీధి ఎత్తున నుండగా, దాని ప్రక్క వీధి మెట్టు దిగినట్లు పల్లమున నుండును. 2020 సెప్టెంబరులో 45వ నంబరు రోడ్డుపై ఫ్లైఓవరును, దుర్గం చెరువుపై తీగల వంతెనను ప్రారంభించిరి. ఇట్టి కట్టడముల వద్ద పైకెక్కు దారి ఒక మట్టమునను, దాని ప్రక్కనే సాగు నేలదారి వేరొక మట్టమునను ఉండును. కనుక ‘నడిమి నేల’ సమస్య ఇచ్చట అడుగడుగున ఎదురగును.

సివిల్ త్రీడీలో రోడ్డును రూపొందించు విధము ఇట్టిది. మొదట రోడ్డు నడిగీతను, పిమ్మట దాని ఎత్తుపల్లములను నిర్ణయించి, రోడ్డు అడ్డుకోతను ఆ గీతవెంట నడిపింతురు. రోడ్డు అంచు దాటిన తరువాత ఒక వాలు బయలుదేరి సహజమైన నేలను తాకినచోట ఆగును. ఒకే రోడ్డున్నచో ఇబ్బంది లేదు. రెండు రోడ్లు చేరువగా నున్నచో, దేని వాలు దానిదే. ఒకటి రెండవదానిని ఎరుగదు. అందుచే రెండు వాలులు ఒకదానినొకటి దాటిపోవును.

ఈ చిక్కును తప్పించుటకు చాలమంది ‘ఇన్‌ఫిల్’ అను ఆజ్ఞను ఆశ్రయింతురు. నాలుగువైపుల అంచుగీతలతో మూసిన జాగాను చూపినచో, కంప్యూటరు దానిని త్రికోణములతో నింపివేయును. ఇట్టి త్రికోణీకరణమునకు మూలమైన సూత్రమును రష్యను గణితవేత్త బోరిస్ డెలొనే 1934లో ప్రకటించెను. ఏ త్రికోణము చుట్టు గీసిన వృత్తములోను మరియొక బిందువు పడకూడదనుట దాని సారాంశము. ఇందువలన సన్నని, కోసుగా సాగిన త్రికోణములు వీలైనంత తగ్గును. ఖాళీ లేకుండ తలము ఏర్పడును. సమోన్నత రేఖలు క్షణములో కనిపించును. త్రవ్వవలసిన మట్టి, నింపవలసిన మట్టి లెక్క తేలును. ఈ సౌకర్యమును తక్కువగా చెప్పుట న్యాయము కాదు.

కాని ఇన్‌ఫిల్‌కు తెలిసినది అంచుల ఎత్తులు మాత్రమే. లోపల అది ఒక్క బిందువునైనను స్వయముగ కల్పించదు. ఒక లెక్క చూడుడు. రెండు రోడ్ల నడుమ దూరము 12 మీటర్లు, పై రోడ్డు 1.2 మీటర్లు ఎత్తు అనుకొందము. ఇన్‌ఫిల్ 10కి 1 వంతున ఏటవాలు పలకను పరచును. గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిసినచో, 100 మీటర్ల పొడవున ఆ జాగాపై పడు నీరు 60 ఘనమీటర్లు, అనగా 60 వేల లీటర్లు. అడుగున రాయి యున్నచోట ఇంకునది స్వల్పము. తక్కినదంతయు క్రింది రోడ్డుమీదికే దిగును.

అదే జాగాలో, క్రింది అంచుకు 1.2 మీటర్ల ఇవతల, ఆ అంచుకన్న 30 సెంటీమీటర్ల లోతున కాలువ అడుగును నిర్ణయింతము. అప్పుడు పైనుండి వచ్చు వాలు సుమారు 7కి 1 అగును. అది కొంచెము నిటారైనది నిజమే. కాని నీరు రోడ్డెక్కక కాలువ పట్టును. ఈ రెండు నమూనాలకు అంచులు ఒక్కటే; భేదమంతయు నడుమ గీచిన ఒక్క గీతలో నున్నది. ఆ గీతను గీయవలసినవాడు మనిషి.

మరియొక లోపము గోడలకు సంబంధించినది. త్రికోణ తలములో ఒకే చోటికి రెండు ఎత్తులు ఉండరాదు. కనుక నిట్టనిలువు గోడను ఉన్నదున్నట్లు చూపుట సాధ్యము కాదు. గోడ అడుగుగీతను కొద్దిగా జరిపి చూపవలెను. గోడను మరచి ఇన్‌ఫిల్ చేసినచో, గోడ ఉండవలసిన చోట బొమ్మలో నున్నని వాలు కనిపించును. గోడలపైననే వీధులు నిలిచిన కొండప్రాంతమున ఇది సామాన్యమైన పొరపాటు కాదు.

కావున సరియైన క్రమము ఇది. ముందు నీరు చేరవలసిన తుదిస్థానమును నిర్ణయింపవలెను. అక్కడినుండి వెనుకకు కాలువ అడుగుగీతను గీయవలెను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ప్రమాణముల ప్రకారము గట్టి కట్టడపు కాలువకు నూటికి అరవంతు, మట్టి కాలువకు నూటికి ఒక వంతు వాలు కనీసము కావలెను. రెండు రోడ్ల అడ్డుకోతలును ఆ గీతను గురిగా పెట్టుకొనవలెను. త్రికోణీకరణము చివరి పని. తరువాత అదే సాధనములోని నీటిబొట్టు పరీక్షతో, తలముపై వేసిన బొట్టు ఎటు జారునో చూడవలెను. ఈ సౌకర్యములన్నియు సివిల్ త్రీడీలో కలవు. లోపము సాధనములో కన్న, తేలిక ఆజ్ఞనే నమూనాగా భావించు అలవాటులో నున్నది.

ఫిలింనగర్ పరిసరముల స్టూడియోలలో వేయు సెట్టు కెమెరా వైపు మాత్రమే పూర్తిగా నుండిన చాలును. రోడ్డు నమూనాకు ఆ వెసులుబాటు లేదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలో హైదరాబాదున అనేక కాలనీలు నీట మునిగినవి. ఎత్తున నున్నవారు వదలిన నీటిని పల్లమున నున్నవారు భరింపవలసి వచ్చును. తెరపై తలము నున్నగా కనిపించినంత మాత్రమున తృప్తిపడక, ‘ఈ నీరు ఎవరి వాకిటికి పోవును?’ అని మన విద్యార్థులు మొదటనే అడుగుట నేర్వవలెను.